గుల్ల పట్టని రంగు

తల్లి తెచ్చిన చేపను పారేయడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని డాక్టర్ సూరాడ హైమవతికి ఆ ఏడు వానాకాలంలోనే తెలిసొచ్చింది. పొట్లం విప్పకూడదు. విప్పితే వాసన వంటింట్లో తిష్ఠ వేస్తుంది, వాసనతోపాటు అమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది. అడ్డాకుల పొట్లాన్ని వలదారం ముడితో సహా అలాగే పాత పేపర్లో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, క్వార్టర్స్ చివరనున్న మునిసిపాలిటీ డబ్బాలో వేసేసి, వెనక్కి చూడకుండా వచ్చెయ్యాలి. చిన్నప్పుడు ముల్లుకి కండ వదిలేస్తేనే వీపు విమానం మోత మోగించిన తల్లి ఆమెది. ఆ తల్లికి పుట్టి ఈ పని చెయ్యడమంటే మాటలా?

"ఓలె హైమా, తలుపు తియ్యే! బేగి తియ్యే, నా గంప అక్కడొదిలేసొచ్చినాను!" అని గురమ్మ గుమ్మంలో కేకేస్తే వీధి వీధంతా వినపడేది. చినమొగపాలెం నుంచి తొలి బస్సుకి చేపలగంపతో పట్నం దిగి, బజారులో చోటు పట్టుకుని, పక్కావిడకి గంప అప్పగించి, పెద్దకూతురింటికి పరుగున వచ్చేది. పెద్దదాని వాటా తీసి పక్కన పెట్టందే గురమ్మ గంప నెత్తికెత్తుకున్న రోజు లేదు.

"ఏం తెచ్చావమ్మా మళ్ళీ? నీకెందుకీ తిప్పలు?"

"కానాగంతలే. నీ మరిది వల్లో పడ్డాయి. సూడు, కళ్ళు ఇంకా మెరుస్తన్నాయి. ఇగురెట్టుకో. సింతపండు మరీ పొయ్యకు, నువ్వు అన్నీ పులుసు సేసి పారేత్తావు."

"సరేలే అమ్మా" అని హైమ పొట్లం అందుకునేది. అందుకుంటూ నవ్వేది కూడా. ఆ నవ్వు ఎలా వచ్చేదో ఆమెకే తెలియదు.

ఇంతకీ ఆ చేపలో ఏముందో తెలియాలంటే రంగు సంగతి చెప్పాలి.

తీరజల ప్రయోగశాలలో హైమ ఏళ్ళ తరబడి పడిన కష్టం ఆ రంగు. దానికి వాళ్ళు జీవరంగు అని పేరు పెట్టుకున్నారు. పాడుబడ్డ యురేనియం గనుల గోడలమీద బతికే ఒకరకం నల్లబూజును తెచ్చి, దాన్ని ఉప్పునీటికి మాలిమి చేసి, పడవలకు వేసే ఎర్రరంగులో కలిపింది. ఆ బూజుకి ఎండతో పని లేదు. అణుధార్మికతే దాని తిండి. రంగు వేసిన పడవకి సముద్రంలో రేడియం ఏ కాస్త తగిలినా, తగిలినచోట బూజు పెరుగుతుంది. మామూలు కంటికి ఏమీ కనపడదు. చీకట్లో ఊదారంగు దీపం వేసి చూస్తే మాత్రం పెరిగినంతమేరా పసుపుముద్ద పూసినట్టు వెలుగుతుంది. పడవ ఎటు తిరిగొచ్చిందో వేటగాడి జేబులో ఫోను చెబుతుంది, ఏం తగిలించుకుని వచ్చిందో దీపం చెబుతుంది. రెండూ కలిపితే సముద్రానికి పటం గీసెయ్యవచ్చు.

ఆ పటంతో అవసరం పడింది. చినమొగపాలేనికి ఉత్తరాన ఒక ఫ్యాక్టరీ ఉంది. ఒడ్డున ఉన్న ఇసుకలోంచి విలువైన ఖనిజాలు తీసుకుని, మిగిలిన బురదను గొట్టంగుండా సముద్రంలోకి వదిలేస్తుంది. బురదలో ఏమీ లేదని ఫ్యాక్టరీవాళ్ళంటారు. ఉందో లేదో తేల్చే పని ప్రయోగశాల మీద పడింది. పనికి పడవలు కావాలి.

"మీ ఊరే ఉండగా వేరే వెతుక్కోవడం దేనికి హైమా? నీ మాట కాదంటారా?" అన్నారు డైరెక్టర్ వెంకటరత్నంగారు. "ఒక్కటే జాగ్రత్త. అణువు, రేడియం లాంటి మాటలు నోట రానివ్వకు. జనం బెంబేలెత్తిపోతారు."

ఆమె మాట ఊళ్ళో ఎవరూ కాదనరు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఒడ్డుకెక్కి ఉంటాయి. మరమ్మతులూ రంగులూ అప్పుడే. రంగు డబ్బాలు వ్యానులోంచి దిగుతుంటే చెల్లెలు నీలవేణి మొగుడు ఢిల్లేశ్వరరావు నడుంమీద చేతులు వేసుకుని చూశాడు.

"ఏటి వదినా, ఊరికే ఇచ్చేత్తన్నారు? గవర్నమెంటోలు ఊరికే ఇత్తన్నారంటే ఏదో మతలబుండాలే!"

"గుల్ల పట్టని రంగు ఢిల్లేసూ. ఇది వేస్తే పడవ అడుగున గుల్ల పట్టదు. నీకు గీకుడు పని తప్పుతుంది."

అది పచ్చి అబద్ధం కాదు. బూజు ఉన్నచోట గుల్ల నిజంగానే తక్కువ పడుతుంది. సగం నిజంలో ఉన్న సుఖమే అది. చెప్పినవాళ్ళకి దోషమంటదు, విన్నవాళ్ళకి అనుమానం రాదు. అందరూ ఉత్తచేతులతో గుడ్డపీలికలు ముంచి పూస్తుంటే, హైమ మాత్రం చేతులకి తొడుగులు వేసుకుని నిలబడింది. "మా డాక్టరమ్మకి సేతులు కందిపోతాయి!" అని ఆడవాళ్ళు ఆటపట్టించారు. ఆ బూజు ఒంటికంటితే హానిలేదు, తిండి లేకపోతే నీళ్ళతో కడుక్కుపోతుంది. తిండి ఉన్నచోట మాత్రం వదలదు. ఆ సంగతి కూడా ఆమె చెప్పలేదు.

ఆ ఊళ్ళో రంగు చుక్క కూడా వృథా పోదు. డబ్బాల అడుగున మిగిలింది తలుపులకీ పీటలకీ పూశారు. నీలవేణి అప్పుడు కడుపుతో ఉంది. ఢిల్లేశ్వరరావు తాతలనాటి కర్ర ఉయ్యాల అటకమీంచి దింపి, దానికి రెండు పూతలు వేసి మురిసిపోయాడు. వేటకి వెళ్ళే రోజున గురమ్మ అల్లుడి పడవకి పసుపురాసి, కుంకుమబొట్లు పెట్టి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టింది.

వేట మొదలైన నెలలోనే హైమ దీపం పట్టుకుని ఊరికి వచ్చింది. రంగు ఎలా నిలిచిందో చూడాలని చెప్పి, వలలు బాగుచేసే షెడ్డులోకి ఢిల్లేశ్వరరావు పడవను లాగించి, చుట్టూ టార్పాలిన్లు దింపించి, ఒక్కతే లోపలికి దూరింది. నిజం చెప్పొద్దూ, దీపం వేసేటప్పుడు ఆమె మనసులో ఉన్న కోరిక ఒక్కటే, వెలగాలి. ఏళ్ళ కష్టం వెలగాలి. స్విచ్చి నొక్కింది. పడవ పొట్టంతా ఒక్కసారిగా పసుప్పచ్చగా వెలిగింది. "అబ్బ!" అనుకుంది హైమ. సంతోషంతో చప్పట్లు కొట్టబోయింది కూడా. ఆ పసుపు తన మరిది దినమూ తిరిగే నీళ్ళదని ఆ తర్వాతగానీ తట్టలేదు. తట్టాక ఇసుకలో కూలబడింది. ముందు సంతోషించిందన్న సంగతే ఆమెను ఎక్కువగా కాల్చింది.

"అద్భుతం హైమా!" అన్నారు వెంకటరత్నంగారు పటం చూసి. "కానీ ఇంకో వేటకాలం చూడాలి. ఇప్పుడే బయటపెడితే ఫ్యాక్టరీవాళ్ళు తప్పులు పట్టి కోర్టులో కొట్టించేస్తారు. నీ రంగూ పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. పైగా మీవాళ్ళ చేప ఒక్కటి అమ్ముడుపోదు. పస్తులుంటారు. ఆలోచించు."

ఆలోచించింది. ప్రతి కారణమూ సబబుగానే కనపడింది. మీవాళ్ళు పస్తులుంటారన్న మాటను మరీ గట్టిగా పట్టుకుంది, దాని వెనక తన ఉద్యోగం బాగా దాక్కుంటుంది కాబట్టి. అలా నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం రెండువిధాలా అక్కరకొచ్చింది. మాట బయటికి రాలేదు, చేప లోపలికి పోలేదు.

ఒకనాడు కిటికీ దగ్గర నిలబడి పళ్ళు తోముకుంటుంటే వీధి చివర డబ్బా దగ్గర అమ్మ కనిపించింది. పొట్లం ఇచ్చి వెళ్ళి ఎంతోసేపు కాలేదు. డబ్బా ఎత్తే ఆవిడ ఏదో చూపిస్తోంది. కుక్కలు సంచి లాగి, పేపరు చించి పడేశాయి. లోపల కిందటిసారి అడ్డాకుల పొట్లం. వలదారం ముడి వేసింది వేసినట్టే ఉంది. ఆ ముడి ఎవరిదో గురమ్మకి ఒకరు చెప్పాలా?

హైమ కర్టెను వెనక్కి తప్పుకుంది. తప్పుకుని, సందులోంచి చూసింది. గురమ్మ కిందికి వంగలేదు. తన పైటచెంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. తర్వాత చెయ్యి వాసన చూసుకుంది. చూసుకుని, అటూఇటూ ఎవరైనా గమనించారేమోనని చూసి, గబగబా వెళ్ళిపోయింది.

అమ్మ ఏమనుకుందో హైమకి అర్థమైంది. చదువుకున్న కూతురికి చేపలదాని కంపు నచ్చలేదనుకుంది. మెట్లు దిగి పరిగెత్తితే మలుపులోనే అందుకోవచ్చు. అది కాదమ్మా అని ఒక్క మాట చెప్పవచ్చు. కానీ అది కాకపోతే మరేమిటో చెప్పాలి కదా! అలా అనుకోనీలే, అదే నయం అనుకుంది హైమ. అనుకుని నోట్లో నురగ ఉమ్మి, ముఖం కడుక్కుంది. అద్దంలోకి చూడలేకపోయింది.

ఆ తర్వాత గురమ్మ రాలేదు. ఫోను చేస్తే మామూలుగానే మాట్లాడింది. మామూలుకన్నా మర్యాదగా మాట్లాడింది. అది ఇంకా బాధగా ఉంది.

"కాళ్ళు నొప్పులమ్మా, మెట్లెక్కలేకపోతన్నాను. నీ వాటా కూడా సెల్లికే ఎట్టేత్తన్నాను. వట్టిమనిషి కాదు కదా, రెండు పేణాలు."

"వద్దమ్మా! దానికెందుకు అన్ని చేపలు?"

"ఏటి, ఎందుకొద్దు?"

"వేడి... వేడి చేస్తుందేమో."

"ఓలప్పా, సేప ఏడి సేత్తాదేటే! నాను మిమ్మల్ని కన్నప్పుడు ఏటి తిని కన్నాను?" అని గురమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వును చెడగొట్టడానికి హైమకి మనసు రాలేదు. తర్వాత చెబుదాంలే అనుకుంది.

నీలవేణికి ఆడపిల్ల పుట్టింది. "బాలింతకి పాలసొర ఎడతన్నాను. పాలు పడాల కదా" అని గురమ్మ ఫోనులో గర్వంగా చెప్పింది. ఆ తీరంలో బాలింతకి పాలసొర చేప పెట్టని ఇల్లు లేదు. రేడియం ఒంట్లో కాల్షియం నడిచే దారినే నడుస్తుంది, ఎముకల్లోకి పోతుంది, పాలలోకి వస్తుంది. ఈ ముక్క హైమ పరిశోధనాపత్రంలోనే ఉంది. తనే రాసింది.

ఉయ్యాల వేసే రోజున సెలవు పెట్టి ఊరెళ్ళింది. పడవలు చూసే పని కూడా ఉందన్న సాకుతో దీపం సంచిలో వేసుకుంది. ఇంటిముందు పందిట్లో ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు, పెరట్లో కూరలు ఉడుకుతున్నాయి. నీలవేణి తలకి పోసుకుంటోంది. పురిటిగదిలో గాలి చొరబడకుండా కిటికీలకి గోనెలు కట్టారు. పట్టపగలే చీకటి. ఎర్ర ఉయ్యాలలో పిల్ల నిద్రపోతోంది.

హైమ తలుపు దగ్గరికేసి, దీపం బయటికి తీసింది. తెలుసుకుందామని కాదు, ఏమీ లేదని తెలిస్తే ఆ ఒక్కరోజుకైనా ఊపిరి పీల్చుకుందామని. స్విచ్చి నొక్కింది.

పిల్ల బుగ్గ ఆనిన చోట, చొంగ కారి ఎండిన చోట, ఉయ్యాల అంచు పసుప్పచ్చగా వెలిగింది. తల్లి కూర్చుని పాలిచ్చేవైపు కర్రమీద పాలచుక్కలు జారిన చారలు, కిందదాకా, ఒక్కటొక్కటీ విడివిడిగా వెలిగాయి.

"ఓలమ్మ!"

వెనక గురమ్మ. గిన్నె చేత్తో పట్టుకుని, నోరు తెరిచి చూస్తోంది.

"ఏటే అది? పసుపు రాసినట్టున్నాది! ఓలె హైమా, గంగమ్మతల్లే ఒచ్చి మన గుంటపిల్లకి పసుపెట్టి ఎల్లిందేటే!" గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, ఉయ్యాలకి దణ్ణం పెట్టడానికి వంగింది.

"దణ్ణం పెట్టకమ్మా" అంది హైమ. అమ్మ భుజం పట్టుకుని ఆపింది. మళ్ళీ అంది. "దణ్ణం పెట్టకు. అది విషం. ఫ్యాక్టరీ గొట్టంలోంచి సముద్రంలోకొచ్చింది. చేపలోకొచ్చింది. చేపలోంచి నీలూ పాలలోకొచ్చింది. ఆ రంగు గుల్ల కోసం కాదమ్మా, అది కనిపెట్టడానికే వేయించాను."

గురమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. లేవడానికి ఉయ్యాల అంచు పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అందుకా పారేసినావు?"

హైమ తల ఊపింది.

"నాను నా ఒంటి కంపనుకున్నానే" అంది గురమ్మ నెమ్మదిగా. "సబ్బెట్టి తోముకున్నాను. బస్సులో ఎవులైనా పక్కన కూకుంటే జరిగిపోయేదాన్ని. నా కూతురికే కంపు కొట్టినాను, మరొకలకి కొట్టనా అని." పైటచెంగు చూసుకుంది. "కంపే అయినా బాగుణ్ణు కదే."

హైమ ఏడుపు ఆపుకుంది. ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు.

"నువ్వు పారేసిందంతా నీ సెల్లి తిన్నాది" అని గురమ్మ గిన్నె తీసుకుని బయటికెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో ఉయ్యాల రోజున బిడ్డ పెద్దమ్మ మొదటి ముద్ద తినాలి. ఆమె తింటేగానీ పంక్తిలో ఎవరూ చెయ్యి పెట్టరు. హైమ బయటికొచ్చేసరికి విస్తళ్ళు వేసేశారు. గురమ్మే స్వయంగా వడ్డించింది. అందరికన్నా ముందు హైమ విస్తట్లో అన్నం వేసి, పక్కన పాలసొరను పొడిగా వేయించిన పుట్టు పెట్టింది. పెట్టి, ఎదురుగా నిలబడింది.

"తిను."

"ఇంకో గరిటెయ్యత్తా! వదినకి పట్నంలో ఇలాటిది దొరుకుతాదా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు. అందరూ నవ్వారు. నీలవేణి తడిజుట్టుతో పిల్లనెత్తుకుని వచ్చి పక్కన కూర్చుంది.

హైమ చెయ్యి విస్తరిదాకా వెళ్ళి ఆగిపోయింది. తినేస్తే? ఒక్క ముద్ద. పంక్తంతా కలుపుకుంటుంది, నవ్వులు సాగుతాయి, ఇంకో వేటకాలం ఇట్టే గడిచిపోతుంది. తల ఎత్తి అమ్మని చూసింది. గురమ్మ కళ్ళు తిప్పుకోలేదు. కూతుర్ని చంపడానికి పెట్టిన కూడు కాదది. తాను చెప్పదు, ఎవరు దాచారో వాళ్ళే చెప్పాలి. హైమకి అర్థమైంది.

"తినకండి" అంది. ఎవరికీ వినపడలేదు. లేచి నిలబడింది. "ఎవరూ తినకండి. చేపలో విషముంది."

చెప్పింది. రంగు ఏమిటో, దీపం ఏమిటో, ఫ్యాక్టరీ బురదలో ఏముందో అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ విస్తరివైపే చూసింది.

"నీకెప్పట్నుంచి తెలుసక్కా?" అంది నీలవేణి.

"వేట మొదలైన నెల నుంచి."

నీలవేణి వేళ్ళమీద ఏదో లెక్కపెట్టబోయి మానేసింది. అప్పుడే పిల్ల లేచి ఆకలికి గుక్కపెట్టింది. నీలవేణి చెయ్యి అలవాటుగా పైటమీదికి పోయి, అక్కడే నిలిచిపోయింది.

"ఇయ్యనా, మాననా?" అంది. "సెప్పక్కా. నువ్వు డాక్టరివి కదా. ఇయ్యనా, మాననా?"

"మానెయ్యి" అంది హైమ. ఆ ఒక్క మాటా అనడానికి ఆమెకి బతుకంతా పట్టినట్టయింది. "డబ్బాపాలు తెప్పిస్తాను. పటం రేపు పేపర్లవాళ్ళకీ కలెక్టరుకీ నేనే ఇస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

ఆమె ఉద్యోగం సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. ఢిల్లేశ్వరరావు లేచి చెయ్యి చాపాడు. "ఆ దీపమిటియ్యి" అన్నాడు. వదినా అనలేదు.

వలల షెడ్డుకి టార్పాలిన్లు దింపారు. ఊరంతా లోపలికి వచ్చింది. దీపం పడగానే పడవ పొట్ట వెలిగింది. ఎవరో అబ్బ అన్నారు, అచ్చం ఆనాడు హైమ అనుకున్నట్టే. గురమ్మ ముందుకు వచ్చి, ఆనాడు రంగు పూసిన తన చేతులు దీపం కింద పెట్టింది. గోళ్ళ సందులు, అరచేతి గీతలు, గంప పట్టిన కాయలు, మోచేతులదాకా పసుపు. తర్వాత ఇంకొకామె పెట్టింది. తర్వాత వలలు లాగేవాళ్ళు ఒక్కొక్కరే పెట్టారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. నాలుగు తిట్టి, జుట్టు పట్టి ఈడ్చినా బాగుండునని హైమకి అనిపించింది. వాళ్ళు మాత్రం తమ చేతులు తాము తిప్పి తిప్పి చూసుకున్నారు.

భుజంమీద పిల్ల ఏడుస్తూనే ఉంది. నీలవేణి వచ్చి అక్కకి ఎదురుగా నిలబడింది.

"నీయీ ఎట్టు."

హైమ చేతులు చాపింది. ఊదావెలుగు తప్ప మరేమీ లేదు. గోళ్ళ సందుల్లో కూడా ఏమీ లేదు. అంత జనంలో అవి రెండే చేతులు శుభ్రంగా ఉన్నాయి.

సిగ్గుతో చచ్చిపోయి వెనక్కి తీసుకోబోయింది. ఢిల్లేశ్వరరావు దీపం పక్కకి తిప్పలేదు. వెనకవాళ్ళంతా ముందుకొచ్చి చూసేదాకా ఆ చేతులమీదే పట్టుకుని నిలబడ్డాడు.